నూటికి నూరు మార్కుల బీపీ

కొత్తగూడ ఫ్లైఓవర్‌కు ఆనుకుని, పొద్దున ఆరు నుంచీ హారన్లు ఆగని చోట వెలసిన మౌనవనం టవర్స్‌లో రక్తపోటు ఉన్న మగవారికి పక్షవాతం గురించి తొంభై ఒక్క శాతం అవగాహన ఉందనీ, అదే రక్తపోటు ఉన్న ఆడవారికి ముప్ఫై నాలుగు శాతం మాత్రమే ఉందనీ నివాసుల సంక్షేమ సంఘం సగౌరవంగా ప్రకటించింది. ఆ ప్రకటనను మూడు లిఫ్టుల్లోనూ అంటించారు. మగవారు పైకి వెళ్లేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఒకసారి చదువుకున్నారు. ఆడవారు చదవలేదు. రెండు చేతుల్లో కూరగాయల సంచులతో, మోచేత్తో బటన్ నొక్కే హడావుడిలో గోడ వంక చూసే తీరిక వాళ్లకు చిక్కలేదు. అవగాహన లేకపోవడమంటే సరిగ్గా ఇదేనని సంఘాధ్యక్షులు సీతారామయ్య గారు బాధపడ్డారు.

ఆ తొంభై ఒక్క శాతానికి శిఖరం వంటివాడు పదకొండో అంతస్తులో ఉండే సురేంద్ర. సర్వేలో నూటికి నూరు తెచ్చుకున్న ఏకైక నివాసి ఆయనే.

సురేంద్రది ప్రొద్దుటూరు. హైదరాబాదు వచ్చి ఇరవై ఆరేళ్లయింది. మొదట కూకట్‌పల్లిలో అద్దెకున్నాడు, ఇప్పుడు మౌనవనంలో సొంతింట్లో ఉన్నాడు. హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీకి డెలివరీ హెడ్. డెలివరీ హెడ్ అంటే పని చేసేవాడు కాదు, పని ఎప్పటికవుతుందో అడిగిన వాళ్లకల్లా చెప్పేవాడు. నాలుగేళ్ల కిందట ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో ఆయన బీపీ నూట అరవై ఎనిమిది బై నూట నాలుగని తేలింది. ఆ అంకె చూసి ఆయన బెదిరిపోలేదు. రెండు నెలలు తిరక్కుండానే దాని మీద పూర్తి పట్టు సాధించాడు. బీపీ మీద కాదు, ఆ విషయం మీద. మెదడులో రక్తనాళాలు ఎన్ని, ఏది ఎటు పోతుంది, ఎక్కడ గడ్డ కడితే ఏ చేయి పడిపోతుంది, ఎన్ని గంటల్లోపు ఆసుపత్రికి చేరాలి, అన్నీ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. లిఫ్టులో ఎవరైనా దగ్గితే చాలు, నాలుగో అంతస్తు దాటేలోపు దాన్ని బీపీకి ముడిపెట్టి వివరించగలిగేవాడు.

ఆరోగ్యకరమైన అలవాట్లలో కూడా ఆయనకు లోటు లేదు. ఉప్పు తగ్గించాడు. అంటే, ఆయన భార్య రోజూ రెండు గిన్నెల్లో పప్పు చేసేది. ఒకటి ఉప్పు లేనిది ఆయనకు, ఇంకొకటి మామూలుది. ఆయన తన గిన్నెలోది ఒక ముద్ద తిని, ఆరోగ్యం విషయంలో రాజీ పడలేదని తృప్తిపడి, మిగిలిన భోజనం రెండో గిన్నెతో కానిచ్చేవాడు. ఉప్పు లేని పప్పు పారబొయ్యడం ఎందుకని ఆమె తినేది. చప్పగా ముద్ద దిగదు కాబట్టి పక్కన ఆవకాయ వేసుకునేది. ఇక వ్యాయామం. సాయంత్రం ఆరింటికి ఆయన క్రమం తప్పకుండా నడిచేవాడు. మౌనవనం గేటు నుంచి కొత్తగూడ చౌరస్తాలోని మిర్చి బజ్జీల బండి వరకూ పన్నెండు వందల అడుగులు, రావడానికి మరో పన్నెండు వందలు. చేతి గడియారం ఆ అడుగులను మాత్రమే లెక్క పెట్టేది. బజ్జీలను లెక్కపెట్టే సాంకేతికత ఇంకా రాలేదు.

సర్వే చేయడానికి ఒక ఆసుపత్రి తరఫున సుష్మ అనే ఉద్యోగిని వచ్చింది. అప్పుడు శనివారం పదకొండు గంటలు. సురేంద్ర సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సుష్మ ట్యాబ్ తెరిచింది.

"రోజూ మాత్ర వేసుకుంటారా సార్?"

"ఏమే, నేను రోజూ మాత్ర వేసుకుంటాండానా?" అని సురేంద్ర వంటింటి వైపు కేక వేశాడు.

"ఏడున్నరకు, కాఫీకి ముందు," అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"క్రమం తప్పకుండా," అన్నాడు సురేంద్ర సుష్మతో.

"మాత్ర పేరు?"

"ఏమే?"

"ఆమ్లోడిపిన్ ఐదు."

"ఆమ్లోడిపిన్," అన్నాడు సురేంద్ర, దాన్ని తానే కనిపెట్టినంత తేలిగ్గా.

ఉప్పు, నూనె, ఆఖరిసారి రక్తపరీక్ష చేయించుకున్న తేదీ, ఆ పరీక్షలో వచ్చిన అంకెలు, అన్నీ అదే పద్ధతిలో పూర్తయ్యాయి. పక్షవాతం లక్షణాలు మాత్రం ఆయన సొంతంగా చెప్పాడు. ముఖం అన్నాడు, మాట అన్నాడు, మధ్యలో ఒకటి తట్టక ఆగాడు. "చెయ్యి," అంది వంటిల్లు. ఇరవై ఐదు నిమిషాల్లో నూటికి నూరు మార్కులు పడ్డాయి.

"మేడమ్‌కు కూడా బీపీ ఉందని ఇందులో ఉంది," అంది సుష్మ.

ఉంది. మూడేళ్ల కిందట భర్తను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, ఆయన ఫోన్లో మాట్లాడుతూ బయటికి పోతే, ఖాళీగా ఉన్న నర్సు బీపీ చూసే పట్టీ ఆమె చేతికి చుట్టి చూసింది. అలా బయటపడింది. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"మీ పేరు?"

"బాలాత్రిపురసుందరి. తొందరగా అడుగమ్మా, అన్నం వార్చాల."

ట్యాబ్‌లో పేరు రాసే గడిలో అన్ని అక్షరాలు పట్టలేదు. "మిసెస్ సురేంద్ర అని పెట్టనా మేడమ్?"

"పెట్టు. గ్యాస్ బుక్కులో కూడా అట్లే ఉండాది."

"పక్షవాతం లక్షణాలు మూడు చెప్పండి."

"ఇప్పుడే కదమ్మా, ఆయనకు అందిస్తి."

"అది సార్ ఫారంలో పడిపోయింది మేడమ్. ఒకే జవాబు రెండుసార్లు ఎక్కదు. పోనీ, చెయ్యి ఉన్నట్టుండి తిమ్మిరెక్కితే ఏం చేస్తారు?"

"విదిలించుకుంటా."

అలాంటి జవాబు ట్యాబ్‌లో లేదు. దానికి దగ్గరగా ఉన్న 'తెలియదు' మీద సుష్మ వేలు పెట్టింది.

"మాత్ర రోజూ వేసుకుంటారా?"

"ఉన్న రోజు వేసుకుంటా. ఇద్దరిదీ ఒకటే మాత్ర. ఆయనవి అయిపోతే నావి ఇస్తా. ఆయనకు ఆఫీసు ఉండాది కదా."

సుష్మ ట్యాబ్‌ను పైకీ కిందికీ జరిపి చూసింది. "ఇది ఎక్కడ రాయాలో ఇందులో గడి లేదు మేడమ్," అంది. బాల లోపలికి వెళ్లి అన్నం వార్చుకుంది. ఆమెకు ఇరవై రెండు మార్కులు వచ్చాయి.

ఫలితాల మీద సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మహిళల్లో నెలకొన్న అవగాహనా లోపం దృష్ట్యా, ఆ లోపాన్ని పూడ్చే బాధ్యతను అవగాహన పుష్కలంగా ఉన్న పురుషులే భుజాన వేసుకోవాలని తీర్మానించారు. వచ్చే ఆదివారం పది గంటలకు క్లబ్‌హౌస్‌లో మహిళా పక్షవాత జాగృతి సదస్సు, ప్రధాన వక్త సురేంద్ర. సదస్సులో మహిళల భాగస్వామ్యం కూడా ఉండాలని సీతారామయ్య గారు పట్టుబట్టారు. కాబట్టి వంటలు వాళ్లకు అప్పగించారు. పులిహోర, మిర్చి బజ్జీలు, అప్పడాలు, ఆవకాయ. ఇది ఆరోగ్య సదస్సు కనుక బజ్జీలు వేరుశనగ నూనెలోనే వేయాలని కఠినమైన షరతు విధించారు.

శుక్రవారం నాడు బాల భర్తతో అంది, "రెండు దినాలనుంచి ఒకటే తలనొప్పిగా ఉండాదండి. మెడ వెనక పట్టేసినట్టు ఉండాది."

సురేంద్ర స్లైడ్లు తయారు చేసుకుంటున్నాడు. తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "ఆదివారం అంతా వివరంగా చెప్తాను కదా. ఇప్పుడే చెప్తే నీకు ఆసక్తి పోతాది," అన్నాడు. ఆ మాట ప్రేమగానే అన్నాడు. ఆమె సరేనని వేరుశనగలు వేయించడానికి వెళ్లింది.

ఆదివారం బాల ఐదింటికి లేచింది. నలభై మందికి పులిహోర ఆమె వంతు. ఏడున్నరకు మాత్రల డబ్బా తెరిస్తే ఒక్కటే మాత్ర ఉంది. ఆర్డరు పెట్టినవి ఇంకా రాలేదు, కిందికి దిగి మందుల షాపుకు వెళ్లే తీరిక ఆ వారంలో దొరకలేదు. ఆ ఒక్కటీ భర్త అరచేతిలో పెట్టింది. ఆ పూట ఆయన మాట్లాడాలి మరి.

క్లబ్‌హౌస్ నిండింది. ముందు వరసలన్నీ మగవారివి, శ్రద్ధ ఎక్కువ కనుక. వెనక వరసల్లో ఆడవారు కూర్చుంటూ లేస్తూ బజ్జీల సంగతి చూస్తున్నారు. మరీ వెనక, గోడవార, పులిహోర బల్ల దగ్గర బాల నిలబడి ఉంది. పక్కనే ప్లేట్లు తుడుస్తూ నీలమ్మ. నీలమ్మ మౌనవనంలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆమె పుట్టింది, పెరిగింది కొత్తగూడలోనే. ఈ టవర్లు లేవకముందు ఇదే నేల మీద జొన్నచేలో కలుపు తీసిన మనిషి. ఇప్పుడు అదే నేలను రోజుకు రెండుసార్లు ఫినాయిల్‌తో తుడుస్తుంది.

సురేంద్ర మైకు అందుకున్నాడు.

"సోదరీమణులారా! పక్షవాతం మన గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతున్నది. తీసేదెవరు? మీరు! కనుక మీకు అవగాహన కావాలి. అవగాహన లేని గృహిణి, సర్వర్ లేని సాఫ్ట్‌వేర్ వంటిది! మా ఇంట్లో ఉప్పు తగ్గించింది ఎవరు? నేను. మాత్ర ఒక్క రోజైనా తప్పించనిది ఎవరు? నేను. ఒక్క మగవాడు మేలుకుంటే ఆ ఇల్లంతా మేలుకుంటుంది!"

ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. తొమ్మిదో స్లైడు వచ్చింది. తెర మీద ఒక మనిషి బొమ్మ. నోరు ఒక పక్కకు జారి ఉంది, ఒక చేయి కిందికి వేలాడుతోంది. సురేంద్ర లేజరు కిరణాన్ని ఆ నోటి మీద తిప్పుతూ, సభ మీదుగా వెనక్కి చూశాడు. పులిహోర బల్ల దగ్గర భార్య తన వంకే చూస్తోంది. మూతి వంకరగా పెట్టింది.

ఆయనకు చివుక్కుమంది. ఉప్పు తగ్గించింది నేనన్నందుకే ఈ వెక్కిరింత అనుకున్నాడు. ఇంట్లో అయితే ఊరుకునేవాడేమో, కానీ అది సభ. తేలిగ్గా నవ్వేసి మైకులో అన్నాడు, "చూశారా, ఇంత ముఖ్యమైన విషయం చెబుతుంటే మా ఆవిడ మూతి వంకర పెడుతోంది! మహిళల్లో అవగాహన ముప్ఫై నాలుగు శాతం దగ్గరే ఎందుకు ఆగిపోయిందో దీనికి మించిన సాక్ష్యం కావాలా?"

సభ గొల్లుమంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. పక్షవాతం గురించి తొంభై ఒక్క శాతం తెలిసిన మగవాళ్లంతా ఆ వంకర మూతిని కళ్లారా చూసి, మనసారా నవ్వుకున్నారు.

బాల చేతిలోని గరిటె కింద పడింది. ఆమె ఏదో అనబోయింది. మాట ముద్దగా వచ్చింది.

"ప్రశ్నలు చివర్లో," అన్నాడు సురేంద్ర.

నీలమ్మ ప్లేట్లు బల్ల మీద దడాలున పడేసి బాల ముఖంలోకి చూసింది. చూసి, గొంతెత్తి అరిచింది. "సారూ! అమ్మ మూతి వంకర వెట్టలే, వంకర వొయ్యింది! జర సక్కగ జూడుండ్రి!"

"ప్రశ్నలు చివర్లో అన్నారు కదమ్మా," అన్నారు సీతారామయ్య గారు ముందు వరసలోంచి, మర్యాదగా.

"ప్రశ్న గాదు సారూ, పాణం! అమ్మా, రెండు చేతులు లేపు. లేపమ్మా!"

బాల రెండు చేతులూ లేపింది. ఎడమది నిలిచింది. కుడిది సగం దాకా లేచి, తనది కానట్టు జారిపోయింది.

సురేంద్ర తెర వంక చూశాడు. భార్య వంక చూశాడు. మళ్లీ తెర వంక చూశాడు. రెండూ ఒకటేనని కళ్లు చెబుతున్నాయి, బుర్ర మాత్రం ఒప్పుకోవడం లేదు. తను నేర్చుకున్నది పక్షవాతం గురించి. అది బొమ్మకు వస్తుంది, వీడియోలో తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్పే రోగికి వస్తుంది. ఐదింటికి లేచి పులిహోర కలిపిన మనిషికి వస్తుందని ఏ స్లైడులోనూ లేదు. అంబులెన్సు పిలవాలని గుర్తొచ్చింది. నంబరు పద్నాలుగో స్లైడులో ఎర్ర అక్షరాలతో ఆయన స్వయంగా పెట్టుకున్నదే, కానీ ఆ క్షణాన మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది.

"ఏమే, అంబులెన్సు నంబరెంత?" అని అడిగాడు.

అడిగింది బాలనే. ఇరవై మూడేళ్ల అలవాటు. ఆ ప్రశ్న మైకులో పడి హాలంతా మోగింది. బాల ఆయన వంక చూసింది. ఆ చూపును వర్ణించడానికి సంఘం తీర్మానాల్లో వాడే భాష చాలదు.

"నూటెనిమిదికి ఎప్పుడో కొట్టిన," అంది నీలమ్మ, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టి, బాలను కుర్చీలో కూర్చోబెడుతూ. "కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, మౌనవనం, ఆ, జల్ది రా బిడ్డా."

సీతారామయ్య గారు కంగారుగా లేచారు. "అయ్యో అయ్యో, ఎంత పని జరిగిందండీ. బండి వచ్చేలోపు ఆ వందన సమర్పణ ఒక్కటీ కానిచ్చేద్దామాండీ?" అన్నారు. ఆయనొక్కరే సభకు కృతజ్ఞతలు తెలిపి కూర్చున్నారు.

ఆదివారం కావడం వల్ల రోడ్డు ఖాళీగా ఉంది. అదే సోమవారమైతే ఈ కథ మరోలా రాయాల్సి వచ్చేది. పావుగంటలో ఆసుపత్రికి చేరారు. అత్యవసర విభాగంలో స్వాతి అనే డాక్టరమ్మ స్ట్రెచర్ పక్కన నడుస్తూనే అడిగింది.

"సరిగ్గా ఎన్నింటికి మొదలైంది?"

"తొమ్మిదో స్లైడుకు," అన్నాడు సురేంద్ర. డాక్టరమ్మ ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తడబడి, "పది నలభై," అన్నాడు.

"బీపీ ఉందా? ఏం మాత్ర వాడుతున్నారు?"

"నాదే. అంటే, నాకిచ్చే మాత్రే."

"మీకిచ్చేది ఏది?"

సురేంద్ర అలవాటుగా పక్కకు తిరిగాడు. ఆ పక్కన ఉన్నది స్ట్రెచర్. "తెల్లగా, గుండ్రంగా ఉంటుంది," అన్నాడు చివరికి.

"ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు ఆవిడ?"

"రోజూ వేసుకుంటుంది డాక్టర్."

"లేదమ్మా," అంది నీలమ్మ. అంబులెన్సులో తోడు వచ్చింది ఆమె. "నాలుగు దినాలసంది ఏసుకోలే. డబ్బ ఖాళీ అయ్యిందని నాతోనన్నది. ఉన్నయి సారుకే ఇచ్చింది. ఇయ్యాల పొద్దుగాల గూడ ఆఖరుది సారుకే ఇచ్చింది."

డాక్టరమ్మ రాసుకుని లోపలికి వెళ్లింది. తలుపులు మూసుకున్నాయి. సురేంద్ర ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. తన కడుపులో కరిగిపోయిన ఆ తెల్లటి, గుండ్రటి మాత్ర గురించి ఆలోచించాడు. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. ఏళ్ల తరబడి ప్రతి పొద్దునా ఆ చేతిలోకి ఒక మాత్ర వచ్చి పడేది, అది ఎక్కడి నుంచి వస్తోందని ఎన్నడూ అడగలేదు. కుళాయిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడుగుతామా? ఏడవకూడదనుకున్నాడు. ఏడ్చాడు.

నీలమ్మ రెండు కుర్చీల అవతల కూర్చుంది. "ఫికర్ జెయ్యకు సారూ, యాళ్లకే వచ్చినం. మా రాజయ్యకు గిట్లనే అయితే అందరు గాలి సోకిందన్నరు. తెల్లారేదాంక చూసినం. తాపీ మేస్త్రి ఆయన, గీ చుట్టుపక్కల సగం గోడలు ఆయన కట్టినయే. ఇయ్యాల్టికి కుడిచెయ్యి లేవది."

ఆరేళ్లుగా ఆమె తన గుమ్మం తుడుస్తోంది. ఆమెకు భర్త ఉన్నాడని ఆయనకు అప్పుడే తెలిసింది.

స్కాన్ తీశారు, బీపీ దించారు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి బాల మూతి తన చోటికి తాను వచ్చింది. కుడిచేతి వేళ్లు కదిలాయి. చూడ్డానికి లోపలికి వెళ్లిన సురేంద్ర మంచం పక్కన నిలబడి దుప్పటి సర్దాడు. బాల కళ్లు తెరిచింది. మాట నెమ్మదిగా, కానీ స్పష్టంగా వచ్చింది.

"ఇప్పుడు ప్రశ్న అడగచ్చునా?"

"అడుగు," అన్నాడు.

"నా మాత్ర పేరేంది?"

సురేంద్ర నోరు తెరిచాడు. సర్వే రోజు తానే గొప్పగా పలికిన పేరు. 'ఆ'తో మొదలవుతుందన్న వరకే గుర్తొచ్చింది.

"నేర్చుకుని రాండి," అని బాల కళ్లు మూసుకుంది. ఆయన కింద మందుల షాపుకు వెళ్లి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఆ పేరు చదువుకుని, రెండు డబ్బాలు కొన్నాడు. ఒక డబ్బా మీద పెన్నుతో 'బాల' అని రాశాడు.

పది రోజులకు ఆమె ఇంటికి వచ్చింది. ఆ తర్వాతి ఆదివారమే సంఘం సన్మాన సభ జరిపింది. సకాలంలో సదస్సు ఏర్పాటు చేయించి, తద్వారా భార్య ప్రాణాలు కాపాడిన ఆదర్శ భర్తగా సురేంద్రకు శాలువా కప్పారు. "నేను కాదు, నీలమ్మ," అని ఆయన మైకులో రెండుసార్లు చెప్పాడు. ఆయన వినయాన్ని సంఘం మినిట్స్‌లో ప్రత్యేకంగా నమోదు చేశారు. నీలమ్మ సేవలను కూడా విస్మరించలేదు. ఆనాటి విందులో ప్లేట్లన్నీ అందించే అవకాశం ఆమెకే ఇచ్చారు.

బాల ఆ సభకు రాలేదు. ఆమెకు వేరే పని ఉంది.

ఆ పని చూడ్డానికి చిన్నది. పొద్దున ఏడున్నరకు ముందు తన మాత్ర వేసుకునేది. తర్వాత పది నిమిషాలు కూర్చునేది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. పప్పు ఒకే గిన్నెలో, ఒకే ఉప్పుతో, అంటే ఇద్దరికీ తక్కువ ఉప్పుతో వండేది. పక్క ఫ్లాట్ల ఆడవాళ్లను పిలిచి, ఎవరి మాత్ర పేరు వాళ్ల చేత చెప్పించేది. సాయంత్రం ఆరింటికి వాళ్లందరినీ తీసుకుని కింద ట్రాక్ మీద నలభై నిమిషాలు నడిచేది. ఆరింటికి డ్యూటీ దిగిన నీలమ్మ వాళ్లతో కలిసింది. ట్రాక్ మీద సిబ్బంది నడవడం నిబంధనలకు విరుద్ధమని సీతారామయ్య గారు అడ్డం వచ్చారు. "నీలమ్మ నడవడంలేదండి. మమ్మల్ని నడిపిస్తాంది," అంది బాల. నిబంధనల పుస్తకంలో నడిపించడం గురించి ఏమీ లేకపోవడంతో ఆయన పక్కకు తప్పుకున్నారు.

దీని పర్యవసానాలు మౌనవనం అంతటా కనిపించసాగాయి. కాఫీలు పది నిమిషాలు ఆలస్యమయ్యాయి. పప్పులన్నీ చప్పబడ్డాయి. సాయంత్రం ఆరు నుంచి ఆరూ నలభై వరకూ ఏ సాక్సు ఎక్కడుందో చెప్పే నాథుడు లేక ఎందరో డెలివరీ హెడ్లు, ఆర్కిటెక్టులు వట్టి కాళ్లతో బాల్కనీల్లో నిలబడి కిందికి చూశారు. సురేంద్ర మాత్రం తన మాత్ర తానే తీసుకోవడం మొదలుపెట్టాడు. పూర్తిగా మారిపోయాడనడం అతిశయోక్తి. బజ్జీల బండి వైపు నుంచి గాలి వీస్తే ఇప్పటికీ ఆయన నడక తడబడుతుంది. కానీ డబ్బాలో ఐదు మాత్రలు మిగిలాయంటే, రెండు డబ్బాలకూ కలిపి షాపుకు వెళ్లొచ్చేది ఆయనే.

ఆరు నెలలకు సుష్మ మళ్లీ సర్వేకు వచ్చింది. ఈసారి అందరూ ఇంట్లో దొరుకుతారని సాయంత్రం ఆరింటికి వచ్చింది. ఆడవాళ్లను ట్రాక్ మీదే నడిపిస్తూ అడిగింది. ఎనభై ఎనిమిది శాతం. తర్వాత పైకి వెళ్లి మగవాళ్లను అడిగింది. "ఏమే?" అని వాళ్లు వంటిళ్ల వైపు కేకలు వేశారు. వంటిళ్లలోంచి జవాబు రాలేదు. నలభై ఒక్క శాతం. సురేంద్రకు యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. అన్నీ సొంతంగా చెప్పినవే. నూటికి నూరు వచ్చిన నాటికంటే ఆయన ఎక్కువ సంతోషపడ్డాడు. ఆ సంతోషం పక్క ఫ్లాటు వాళ్లకు అర్థం కాలేదు.

సంఘం మరోమారు అత్యవసరంగా సమావేశమైంది. ఆరు నెలల్లో పురుషుల అవగాహన ఇంత దారుణంగా పడిపోవడం పట్ల తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. కారణాలను లోతుగా పరిశీలించిన మీదట, మహిళల ఆరోగ్యం విపరీతంగా మెరుగుపడడమే ఇందుకు మూలమని గుర్తించింది. పురుషుల అవగాహనను కాపాడే నిమిత్తం సాయంత్రపు నడకను వెంటనే నిలిపివేయాలని సీతారామయ్య గారు ప్రతిపాదించారు.

"ఆ మాట వాళ్లను కూడా అడిగితే బాగుంటుందేమో," అన్నాడు సురేంద్ర.

"అడగడానికి వాళ్లు రావాలి కదండీ. ఇప్పుడు నడుస్తున్నారండీ," అన్నారు సీతారామయ్య గారు.

సురేంద్ర ఒక్కడు చెయ్యెత్తలేదు. తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు రాసుకున్నారు. దాన్ని మహిళలకు తెలియజేయడానికి ముగ్గురు సభ్యులతో ఒక కమిటీ కూడా వేశారు. ట్రాక్ దాకా వెళ్లేసరికి ముగ్గురికీ బీపీ పెరగడంతో, వైద్య కారణాల మీద మినహాయింపు కోరి ముగ్గురూ వెనక్కి వచ్చేశారు.

ప్రస్తుతం ఆ మూడు స్థానాలూ ఖాళీగా ఉన్నాయి. ఇతర టవర్లలో, కాలనీలలో నివసించే రక్తపోటు గల పురుషులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చునని సంఘం తెలియజేస్తోంది. వయసుతో, హోదాతో నిమిత్తం లేదు. అర్హత ఒక్కటే. మీ ఇంట్లో ఆవిడ బీపీ ఎంతో, ఫోను మోగుతున్నట్టు నటించకుండా, ఇప్పటికిప్పుడు చెప్పగలగాలి. ఇంతవరకు ఒక్క దరఖాస్తు కూడా అందలేదు.